ఈలమ్మ రిపోర్టు

"వాళ్లు నిన్ను ఊరికే వదలరే. నా మాట విని హెల్మెట్ పెట్టుకుని లోపలికి పద."

ఫుట్‌బాల్ సంఘం ఆఫీసు గేటు దగ్గర తల్లి ఆగిపోయింది. కూతురికి నవ్వొచ్చింది.

"మనం వచ్చింది బస్సులో అమ్మా. హెల్మెట్ ఎక్కడిది?"

"సంచిలో తెచ్చాను."

నిజంగానే తెచ్చింది. దాని కింద దూది, గాజుగుడ్డ, కత్తెర, టించర్ సీసా, రెండు నీళ్ల సీసాలు. కూతురు రిఫరీ అయిన ఏడేళ్లుగా ప్రతి మ్యాచ్‌కీ ఆ సంచి పట్టుకుని వెళ్లి గోల్‌పోస్టు వెనకే కూర్చుంటుంది. ఎటునుంచి రాయి పడినా అక్కణ్నుంచి పరుగెత్తడం సులువని ఆమె లెక్క. ఇంతవరకూ ఒక్క రాయీ పడలేదు. పడలేదు కాబట్టి ఈసారి తప్పకుండా పడుతుందని ఆమె భయం.

గేటు ముందు యాభై మంది కుర్రాళ్లు జెండాలు పట్టుకుని నిలబడ్డారు.

"ఈలమ్మా! ఎంతకి అమ్ముకున్నావ్?"

"ఈలమ్మా! చందాలేసుకుని కళ్లద్దాలు కొనిపెట్టాలా?"

ఈలమ్మ అంటే కూతురే. మైదానం పెట్టిన పేరు.

"మా అమ్మకున్నాయిలే, చాలు," అని వాళ్ల మధ్యలోంచే నడిచింది ఈలమ్మ. తల్లి కళ్లద్దాలు సర్దుకుని, సంచిని గుండెకి అదుముకుని వెనకాలే పరుగెత్తింది.

ఆదివారం ఫైనల్లో డిపో జట్టు మిల్లు జట్టును ఒకే ఒక్క గోల్‌తో ఓడించింది. చివరి నిమిషంలో ఈలమ్మ ఇచ్చిన పెనాల్టీ అది. సోమవారం ఆమె రిపోర్టు రాసి పంపింది. మంగళవారమంతా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. బుధవారం ఈ పిలుపు.

"గెలిచినవాళ్లకీ కోపమే, ఓడినవాళ్లకీ కోపమే. ఈ ఆటలో నవ్వుతూ ఇంటికెళ్లేవాడు ఒక్కడూ ఉండడా?" మెట్లెక్కుతూ గొణిగింది తల్లి.

గదిలో అద్దాల బీరువా నిండా కప్పులు. బల్ల మీద నిండు టీ గ్లాసులు, పాత మరకలు. నెత్తిన కీచుమంటున్న ఫ్యాను. అది ఎప్పుడు ఊడి ఎవరి మీద పడుతుందోనని తల్లి తలుపు పక్క బెంచీ చివరికి జరిగి కూర్చుంది.

అధ్యక్షుడు ఈలమ్మ రిపోర్టును ఒంటి వేలితో పక్కకి నెట్టాడు.

"ఇది వెనక్కి తీసేసుకో. కార్యదర్శిగారు ఇంకోటి రాసి ఉంచారు. సంతకం పెట్టి, టీ తాగి వెళ్లు."

ఈలమ్మ కొత్త కాగితం చదివింది. బల్ల మీద పెట్టేసింది.

"జరిగింది ఇందులో లేదు సార్."

"ఒక్క వాక్యమేగా తేడా. నీ సొమ్మేం పోయింది?" అన్నాడు కార్యదర్శి.

"ఈల పోతుంది సార్. దీని మీద సంతకం పెట్టాక నేనెంత గట్టిగా ఊదినా గాలే వస్తుంది."

"రిఫరీలంతా నీలాగే మొండికేస్తే ఇక ఆటలు సాగినట్టే!"

"రిఫరీ మాటే ఆఖరి మాటని చెప్పింది మీరే. ఆ రిపోర్టే నా ఆఖరి మాట."

తల్లి సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఈ మొండితనం తన చేతులమీదుగా వచ్చిందే. పరీక్షకి చదివే రోజుల్లో కూతురు బట్టలు ఇస్త్రీ చేస్తూ రూల్సు వల్లించేది. ఎనిమిదో తరగతి చదువుతో తల్లి పుస్తకం పట్టుకుని సరిచూసేది. త్రో విసిరేటప్పుడు కాళ్లు నేల మీదే ఉండాలి. పెనాల్టీ తన్నినవాడు, ఇంకొకరికి తగిలేదాకా బంతిని మళ్లీ ముట్టుకోకూడదు. గోలీ బంతిని అట్టే పట్టుకుని నిలబడకూడదు. రిఫరీని తిట్టకూడదు. "ఇన్ని కూడదులు మా అత్తగారింట్లో కూడా లేవే!" అని తల్లి విసుక్కునేది. కూతురు మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి, ఆమె ఎక్కడ తడబడినా తల్లి పుస్తకం చూడకుండానే అందించేది.

"ఆఖరిసారి అడుగుతున్నాను," అన్నాడు అధ్యక్షుడు. "సంతకం పెడతావా, బ్యాడ్జి తీసి బల్ల మీద పెడతావా?"

బ్యాడ్జి పోతే బడిలో ఆటల టీచరు ఉద్యోగమూ పోతుంది. అది పోతే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. ఆ క్షణంలో తల్లి మనసు అప్పటికే సామాన్లతో సహా రోడ్డు మీద నిలబడి ఉంది. పైన మబ్బు కూడా పట్టింది.

"మా అమ్మ కుట్టింది సార్, పీకితే రాదు. కత్తెర ఉందా?" అంది ఈలమ్మ.

కార్యదర్శి సొరుగులు రెండూ వెతికాడు. దొరకలేదు.

తల్లి లేచింది. సంచిలోంచి కత్తెర తీసి, కూతురికిచ్చి, మళ్లీ వెళ్లి కూర్చుంది.

ఒక్కో కుట్టూ తెగింది. బ్యాడ్జి బల్ల మీద పడింది. దాని పక్కనే ఈల పెట్టింది ఈలమ్మ.

అధ్యక్షుడి మొహం మాడిపోయింది. ఇంతదాకా వస్తుందని అతను అనుకోలేదు. కుర్చీ తిప్పి, గొంతు తగ్గించాడు.

"చూడండమ్మా, మీరు పెద్దవారు. దాని బతుకు అది పాడుచేసుకుంటుంటే కత్తెర అందిస్తారా? కన్నతల్లి కదా, మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పండి."

తల్లి కళ్లద్దాలు తీసి రుమాలుతో తుడిచింది. పెట్టుకుంది. మళ్లీ తీసింది. బయట అరుపులు పెరిగాయి. ఫ్యాను కీచుమంటూ తిరిగింది. టీ గ్లాసుల మీద మీగడ కట్టింది. కార్యదర్శి ఫైలు మూసేశాడు.

అప్పుడు తల్లి నోరు విప్పింది.

"చెప్పాను బాబూ, ఆదివారం బస్సులోనే చెప్పాను, బంతి గోలీకి తగల్లేదే, పోస్టుకి కొట్టుకుని వెనక్కొస్తే తన్నినవాడే మళ్లీ తన్నాడు, నువ్విచ్చింది గోల్ కాదు, తప్పు నాదేనని రాసెయ్యి అని."