నాలుగో కన్నం ఎవరిది?

మధ్యాహ్నం పన్నెండున్నర. సియూ హాంగ్ ఆంటీ రొయ్యల నూడుల్స్ కొట్టు ముందు బారెడు క్యూ ఉంది. లోపల ప్రింటర్ మాత్రం నోరు విప్పడం లేదు.

కౌంటర్‌లో ట్యాబ్ మీద ఆర్డరు నొక్కితే వంటగదిలో చీటీ రావాలి. ఐదు రోజులుగా రావడం లేదు. ఆర్డర్లు అరిచి అరిచి ఆంటీ గొంతు బొంగురుపోయింది. ఒకరి గిన్నె ఇంకొకరికి పోతోంది. ముప్పై ఏళ్లుగా ఆమె చేతి పులుసు తాగినవాళ్లు ఎదురు కొట్టులో బాతు మాంసం రుచి మరుగుతున్నారు. ఆమె కడుపు మండిపోతోంది.

నెట్‌వర్క్ మెకానిక్ టెరెన్స్ క్వెక్ చెమటలు కక్కుతూ వచ్చాడు. ముందుగా జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి, దాని మీద పెన్నుతో ఏదో గీకి, ఒక ఖాళీ బల్ల మీద పడేశాడు. పని అయ్యాక తినాలి కదా. ఇక ఆ సీటు అతనిదే. సింగపూర్లో ప్యాకెట్ ఉన్న సీటు జోలికి ఎంత ఆకలేసినవాడూ పోడు.

"పోయిన గురువారం కొత్త రౌటర్ పెట్టింది నువ్వే కదా అబ్బాయ్," అంది ఆంటీ. "అప్పట్నుంచే ఈ గోల."

"నా పనికి వంక పెట్టకండి ఆంటీ. మీవాళ్లెవరో వేలు పెట్టుంటారు."

"నీ తప్పే అని తేలితే?"

"వారం రోజులు ఇదే టైముకొచ్చి మీ గిన్నెలన్నీ కడుగుతా."

"మా తప్పయితే నెల్లాళ్లు నీకు పెద్ద రొయ్యల గిన్నె ఊరికే పెడతా. హంజా, విన్నావుగా?"

పక్క టీ కొట్టు హంజా అంకుల్ ఈ చేతి గ్లాసులోంచి ఆ చేతి గ్లాసులోకి టీ సాగదీస్తూ, విన్నానని తలూపాడు.

క్వెక్ పనిలోకి దిగాడు. ట్యాబ్‌లో వైఫై నిండుగా ఉంది. పాటలు కూడా వస్తున్నాయి. ప్రింటర్‌కి వైరు ఉంది, అదీ బాగానే ఉంది. కానీ ట్యాబ్ పిలిస్తే ప్రింటర్ పలకదు. రెండింటి నెట్‌వర్క్ నంబర్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. ట్యాబ్ ఒక వీధిలో ఉంది, ప్రింటర్ ఇంకో వీధిలో ఉంది. మధ్యలో దారే లేదు.

అరగంట సెట్టింగులన్నీ కెలికాడు. అన్నిటినీ మూడుసార్లు ఆపి, మళ్లీ వేశాడు. ఆఖరికి టీ కొట్టు వెనక, రెండు కొట్ల రౌటర్లూ ఉన్న వైర్ల అల్మరా తెరిచి, ఆంటీ కొట్లోని వైఫై పెట్టె నుంచి వచ్చే వైరును వేలితో తడుముకుంటూ వెళ్లాడు. అది ఆంటీ రౌటర్లోకి పోలేదు. పక్కనే ఉన్న టీ కొట్టు రౌటర్లోకి దూరింది.

క్వెక్ మొహం వెలిగిపోయింది. "ఇది ఎవరి నిర్వాకం?"

"నాదే," అన్నాడు హంజా అంకుల్. "ఆ రోజు నువ్వు ఇంకెక్కడికో అర్జెంటని సగంలో పరిగెత్తావు. ఆఖరి వైరు ఖాళీ కన్నంలో పెట్టమని ఫోన్లో చెప్పావు. పెట్టాను."

"ఆంటీ రౌటర్లో నాలుగో కన్నం ఖాళీగా ఉందిగా అంకుల్."

"ఖాళీ ఎక్కడ? సరిగ్గా చూడు."

క్వెక్ వంగి చూశాడు. నాలుగో కన్నానికి అడ్డంగా ఒక టిష్యూ ప్యాకెట్ దర్జాగా కూర్చుని ఉంది.

"ఎవరో పట్టుకున్నారు," అన్నాడు హంజా అంకుల్. "ఒకరు పట్టుకున్న చోట మనం ఎలా పెడతాం? మర్యాద కాదు."

క్వెక్ దాన్ని తీసెయ్యబోయాడు. చెయ్యి సగంలోనే ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ అలవాటైన చెయ్యి, ఏం చేస్తుంది పాపం.

"అయినా తప్పు మీ వైపుదే," అన్నాడు ఆంటీ వైపు తిరిగి. మనసులో అప్పుడే రొయ్యలు ఒలుస్తున్నాడు. "కన్నానికి సీటు పట్టడమేంటండీ? నా ఉద్యోగంలో ఇలాంటి తెలివితక్కువ దద్దమ్మని ఎక్కడా చూళ్లేదు."

"ప్యాకెట్ మీద ఏదో ఫోన్ నంబరు గీకి ఉంది," అన్నాడు హంజా అంకుల్, కళ్లు చికిలించి.

"ఇంకేం, చెయ్యండి ఆంటీ. ఆ మహానుభావుడితో నేనే మాట్లాడతా. నాలుగు దులిపితే గానీ బుద్ధి రాదు."

ఆంటీ తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. కళ్లజోడు పెట్టుకుని, హంజా అంకుల్ చదువుతుంటే ఒక్కో అంకే తన ఫోన్లో నొక్కింది. ముగ్గురూ ఆ ఫోను మీదికి వంగారు.

క్వెక్ జేబులో ఫోను మోగింది.