పక్క గుడారం వాళ్లు

"ఎనక్కి చూడొద్దండీ. ఆ పిల్లోడు మళ్లీ మన ఫొటో తీస్తాండాడు," అంది సుబ్బలక్ష్మి పెదవులు కదపకుండా.

సీతాపతి వెనక్కి తిరిగి చూడనే చూశాడు.

"దున్నల్ని తీస్తాండాడులే."

"దున్నలు ఎడమ పక్కన ఉండాయి. ఫోను మన పక్కకు ఉంది."

తుపాకీ భుజాన వేసుకుని ముందు నడుస్తున్న గైడు మ్వాన్సా చెయ్యెత్తాడు. ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. గడ్డి వెనక నుంచి అడవిదున్నల మంద తలలెత్తి చూసింది. సుబ్బలక్ష్మికి వాటి చూపుల కన్నా వీపు వెనక ఆ పిల్లోడి చూపే ఎక్కువగా గుచ్చుకుంది.

జాంబియా దేశంలో, జాంబేజీ నది ఒడ్డున, చుట్టూ ఊరన్నదే లేని అడవిలో గుడారాల క్యాంపు అది. పొద్దున కాలినడకన అడవిలో తిప్పుతారు, సాయంత్రం పడవలో నది చూపిస్తారు. ఫోన్లకు సిగ్నలు అందదు. ఆ ఒక్క మాట విన్నాకే సుబ్బలక్ష్మి ఈ ప్రయాణానికి సరేనంది. ప్రొద్దుటూరు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి ఆమె. సీతాపతి అదే ఊళ్లో కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు.

తీరా ఇంత దూరం వస్తే, పక్క గుడారంలో తెలుగువాళ్లు దిగారు. పాతికేళ్ల కుర్రవాడు, వాడి వెంట ఒక పిల్ల.

మొదటిరోజు భోజనాల దగ్గరే ఆ కుర్రవాడు పలకరించాడు.

"మీది యా ఊరు పెద్దమ్మా?"

సీతాపతి నోరు తెరిచేలోపే సుబ్బలక్ష్మి అందుకుంది. "బెంగుళూరు."

"మాది కూడా బెంగుళూరే," అంది ఆ పిల్ల మరీ తొందరగా. "ఈడ ఎండ శానా ఎక్కువుంది కదా!"

ఆమె మెడలో పసుపుతాడు పచ్చగా మెరుస్తోంది.

"అబద్ధం," అంది సుబ్బలక్ష్మి గుడారంలోకి వచ్చాక. "ఆ మాట బెంగుళూరుది కాదు, జమ్మలమడుగుది. ఊరెందుకు దాస్తాండారు?"

"మనం చెప్పింది నిజమా ఏంది?"

"మన సంగతి వేరు."

సీతాపతి నవ్వి, టీ కలిపి కప్పు అందించాడు. అందులో రెండు చెంచాల చక్కెర వేశాడు. సుబ్బలక్ష్మి టీలో చక్కెర వేసుకోదు. అయినా ఏమీ అనకుండా తాగేసింది.

అప్పటి నుంచీ ఆమె కళ్లు ఆ జంట మీదే. ఆ కుర్రవాడు వంటవాణ్ణి పిలిచి, వీళ్ల గుడారం వైపు చూపించి ఏదో అడిగాడు. ఇంకోసారి వీళ్ల పెట్టె మీద విమానంవాళ్లు అతికించిన చీటీని వంగి చదువుతూ ఆమె కంటబడ్డాడు. ఆమె దగ్గితే, చెప్పు సర్దుకుంటున్నట్టు నటించి వెళ్లిపోయాడు.

"ఎవరో పంపినారండీ వీణ్ణి."

"మన కోసం ఆఫ్రికా దాకా ఎవరు పంపుతారు సుబ్బలక్ష్మిగారూ? ఊరికే భయపడొద్దండి," అన్నాడు సీతాపతి. కానీ ఈసారి ఆయన గొంతులోనూ ధీమా లేదు.

దున్నల్ని చూసిన రోజు సాయంత్రం నలుగురూ ఒకే పడవ ఎక్కాల్సి వచ్చింది. ఎదురొడ్డున ఏనుగులు నీళ్లు తాగుతుంటే మ్వాన్సా పడవను మెల్లగా అటు తిప్పాడు. అంతలో కిందనుంచి ఏదో ఢీకొన్నట్టు పడవ ఒక పక్కకు ఒరిగింది. పక్కనే నీళ్లు చీల్చుకుంటూ నీటిగుర్రం నోరు తెరిచి లేచింది.

"యమ్మా!" అని ఆ పిల్ల కెవ్వుమంది.

"సార్! పట్టుకోండి సార్! పడిపోతారు!" సుబ్బలక్ష్మి సీతాపతి చొక్కా రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగింది.

మ్వాన్సా ఇంజను వేగం పెంచి పడవను ఒడ్డుకు చేర్చాడు. దిగగానే ఆ కుర్రవాడు సీతాపతికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. వాడి మొహంలో నెత్తురు లేదు.

"ఆమె మిమ్మల్ని సార్ అన్న్యాది. నేను విన్న్యా. మీరు పోలీసోళ్లు కదా? ప్రశాంతి వాళ్ల నాయన పంపినాడు కదా?"

"ఏ ప్రశాంతి? ఏ నాయన?" అన్నాడు సీతాపతి తెల్లబోయి.

ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఆమెది జమ్మలమడుగు. పులివెందుల సంబంధం ఖాయం చేసి తాంబూలాలకు పిలుపులు కూడా అయిపోయాక, ఈ ప్రవీణ్‌తో మైదుకూరులో పెళ్లి చేసుకుని ఇల్లు వదిలి వచ్చేసింది. వేంపల్లె నుంచి వచ్చిన ప్రవీణ్ ఈ దేశంలోనే బోర్లు వేసే కంపెనీలో పనిచేస్తున్నాడు. క్యాంపుకు బోరు వేసింది అతనే కాబట్టి, ఓనరు కొత్త జంటను పిలిచి ఉండమన్నాడు.

"మీ మాట ప్రొద్దుటూరుదని మొదటిరోజే తెలిసిపాయ," అన్నాడు ప్రవీణ్. "ఊరు అడిగితే బెంగుళూరంటిరి. మా పక్కే చూస్తాంటిరి. అందుకే మీ ఫొటో తీసినా. ప్రశాంతి మేజరు సార్. మమ్మల్ని ఇడిసిపెట్టండి."

సుబ్బలక్ష్మి ఆ పిల్లను దగ్గరికి తీసుకుని పైటకొంగుతో కళ్లు తుడిచింది.

"మేము పోలీసులం కాదు తల్లీ. మిమ్మల్ని చూసినట్టు యాడా చెప్పం. మీరు గూడా మమ్మల్ని ఈడ చూసినట్టు ప్రొద్దుటూర్లో ఎవరికీ చెప్పొద్దండి."

ప్రశాంతికి నమ్మకం కుదరలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పోలీసులు కాకపోతే మీకేం భయం పెద్దమ్మా? కట్టుకున్నాయన్ను ఎవరన్నా సార్ అంటారా?"

సుబ్బలక్ష్మి సీతాపతి వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు తల ఊపాడు. ఆమె తల దించుకుంది.

"మాకూ మొన్ననే పెళ్లయింది తల్లీ, పిల్లలకు తెలీదు."