ఊపిరి పోగు

“బాబుకి ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉంది. అందుకే నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. సరిపడే రక్తం దొరికేదాకా కన్నార్పకండి. ఊపిరి ఆగితే అరికాలి మీద వేలితో కొట్టండి,” అని చెప్పి నర్సు పక్క వార్డుకు పరిగెత్తింది.

నెలలు నిండకుండా పుట్టిన నా కొడుకు పాలిపోయి మంచం మీద పడుకుని ఉన్నాడు. బట్టలు కుట్టేదాన్ని, నా సంచిలో దారాలకేం కొదవ? ఒక పోగు తెంపి వాడి ముక్కు దగ్గర పట్టుకున్నాను. అది ఊగితే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆగితే వాడి అరికాలి మీద కొట్టేదాన్ని. వాడు ఉలిక్కిపడి మళ్లీ గాలి పీల్చేవాడు.

మా అమ్మ మాత్రం మంచం మీద చాపుకున్న నా కాళ్ల దగ్గర కూర్చుని, మనవడి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

“నీది గుండేనా, బండరాయా? వాడు నీకేమీ కాడా?” అన్నాను ఉండబట్టలేక.

“నీ బిడ్డను నువ్వు చూసుకో,” అంది అమ్మ.

ఒళ్లు మండింది.

పొద్దు వాలింది. రక్తం ఇంకా రాలేదు. పోగు ఆగిపోయింది. కొట్టాను. వాడు కదల్లేదు. మళ్లీ కొట్టాను. చివరికి వాడు వెక్కి, గాలి పీల్చాడు. పోగు ఊగింది. నేను మాత్రం బిగుసుకుపోయి దాన్నే చూస్తున్నాను.

నా అరికాలు చురుక్కుమంది. అదిరిపడ్డాను.

“ఏంటమ్మా?”

“సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడతావే, పొద్దుట్నుంచీ అదే పని. పీల్చవే తల్లీ! నీ బిడ్డను నువ్వు చూసుకుంటున్నావు. నా బిడ్డను నేను చూసుకోవద్దూ?”