లైసెన్సు మేడం

"ఈ ఆపరేషన్ ఇప్పుడు చేయడానికి వీల్లేదు డాక్టర్‌గారూ."

థియేటర్ గుమ్మానికి అడ్డంగా నిలబడి అందామె. లోపలికి వెళ్లబోతున్న సర్జన్ ఆగిపోయాడు.

డాక్టర్ల రిజిస్ట్రేషన్లు, సర్టిఫికెట్లు గడువు దాటకుండా చూసుకుంటూ, ఆ వివరాలు ఎప్పటికప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలకు పంపడం ఆమె ఉద్యోగం. ఆస్పత్రిలో అందరికీ ఆమె లైసెన్సు మేడం. సర్జన్ రిజిస్ట్రేషన్ గడువు నిన్నటితో తీరిపోయింది. రెన్యువల్‌కు ఇంకో సర్టిఫికెట్ కావాలని ఆమె గుర్తుచేసినప్పుడల్లా ఆయన చూద్దాంలెండి అంటూ దాటేస్తూ వచ్చాడు.

"నిన్న కూడా ఇవే చేతులతో ఆపరేషన్ చేశాను. తెల్లారేసరికి పని మర్చిపోయానా?" అన్నాడాయన.

"మీ చేతుల మీద నాకే అనుమానమూ లేదు. ఒక్కటి చెప్పండి. మధ్యాహ్నం దాకా ఆగితే పేషెంటు ప్రాణానికి ప్రమాదమా? అవునంటే ఇప్పుడే తప్పుకుంటాను."

కోపంలో ఉన్నా అబద్ధమాడే మనిషి కాదాయన. "గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ప్రమాదం లేదు. కానీ నొప్పి భరించాలి. పాపం, పెద్దావిడ."

ఆమె సర్జన్ భుజం మీదుగా వార్డు వైపు చూసింది. తర్వాత, "అయితే ఆగుదాం" అంది.

సంగతి తెలిసి సూపరింటెండెంట్ పరుగున వచ్చాడు. రెండో సర్జన్ పక్క థియేటర్‌లో సాయంత్రం దాకా తలమునకలుగా ఉన్నాడు. కాగితాల మీద ఆయన పేరు వేసి, పని ఈయనతో కానిచ్చేద్దామని సూపరింటెండెంట్ ఆమె చెవిలో చెప్పాడు. ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లేమైనా వచ్చి తొంగిచూస్తారా అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఈ మోసం బయటపడితే కంపెనీ ఆస్పత్రితో తెగతెంపులు చేసుకుంటుందని, వార్డులో ఉన్నవాళ్లంతా దిక్కులేనివాళ్లవుతారని చెప్పింది. ఆమెది గుండె కాదు, బండరాయని నర్సులు గుసగుసలాడుకున్నారు.

కాసేపటికి పేషెంటు కొడుకు ఆమె గదిలోకొచ్చాడు.

"ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తగ్గడం లేదక్కా. అమ్మ మెలికలు తిరిగిపోతోంది."

"ఇంకొంచెంసేపు తమ్ముడూ. వెళ్లి అమ్మ పక్కన కూర్చో" అంది, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే.

అవతల మెడికల్ కౌన్సిల్ ఆఫీసు. సర్జన్ దరఖాస్తు అక్కడ ఎప్పుడో చేరింది. శిక్షణ తరగతులకు హాజరైనట్టు సర్టిఫికెట్ జతచేయకపోవడంతో అక్కడే మూలుగుతోంది. ఆమె కబురు పంపగానే సర్జన్ థియేటర్ బట్టలతోనే కారు దగ్గరికి పరుగెత్తి, డిక్కీ అంతా బోర్లించాడు. పాత గొడుగు కింద నలిగి ముద్దయిన సర్టిఫికెట్ దొరికింది. ఆమె దాన్ని బల్ల మీద అరచేత్తో సాపు చేసి, స్కాన్ తీసి పంపింది. భోజనానికి లేచిన కౌన్సిల్ ఉద్యోగిని ఫోనులోనే బతిమాలి మళ్లీ కూర్చోబెట్టింది. రెన్యువల్ రాగానే ఇన్సూరెన్స్ కంపెనీ వెంటపడి, వాళ్ల దగ్గర సర్జన్ వివరాలు సరిచేయించింది.

"ఇక మీ ఇష్టం డాక్టర్‌గారూ" అని ఫోను పెట్టేసి కణతలు నొక్కుకుంది.

మధ్యాహ్నం ఆపరేషన్ చక్కగా జరిగింది. చేతులు తుడుచుకుంటూ సర్జన్ తనే ఆమె గదికొచ్చాడు. పొద్దున నోరు జారినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. ఇంత మొండి మనిషిని తన సర్వీసులో చూడలేదనీ, అలాంటి మనిషి ఒకరుండటం ఆస్పత్రి అదృష్టమనీ అన్నాడు. ఆమె అలసటగా నవ్వింది.

అంతలో నర్సు తలుపు తోసుకొచ్చింది. పెద్దావిడ కళ్లు తెరిచిందని చెప్పింది.

"తన సంగతి పట్టించుకోవడం లేదు సార్. బయట కూతురుందట, పొద్దుట్నుంచి ఏమీ తిని ఉండదు, ముందు దానికేమైనా పెట్టండి అంటోంది. నాకు కొడుకొక్కడే కనిపించాడు. ఆ కూతురెవరో మీకేమైనా తెలుసా?"

సర్జన్ తెలియదన్నట్టు తలూపాడు.

లైసెన్సు మేడం కుర్చీలోంచి లేచి, "నేనే సిస్టర్. అమ్మ దగ్గరికి ఇప్పుడు వెళ్లొచ్చా?" అంది.