ఒకే మంచం, రెండు షిఫ్టులు

"ఇదే! నా మంచం ఇదే!"

తౌనో తాత అడ్డంగా కట్టిన తాడు దాటబోతుంటే భార్య హిల్యా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

రాగి గని మూతపడి చాలా ఏళ్ళయింది. గనివాళ్ళ ఊరంతా పార్కు చేసి, పనివాళ్ళు తిని పడుకునే పాత పూటకూళ్ళ ఇంటిని జనం చూడటానికి మంచాలతో సహా ఉన్నదున్నట్టు నిలబెట్టారు. రేపు అక్కడి చర్చిలోనే తౌనో మనవరాలు ఇర్మా పెళ్ళి. తల్లీ తండ్రీ లేని పిల్ల. ఈ ముసలాళ్ళే పెంచారు. పెళ్ళికొడుకు తాత ఉర్హో మిన్నెసోటా నుంచి పొద్దున్నే దిగాడు. వియ్యాలవారు ఒకరినొకరు చూసుకోవడం ఇదే మొదలు.

"నీ మంచమేమిటి బావా? ఆ కిటికీ పక్కది నాది!" అన్నాడు ఉర్హో నవ్వుతూ.

"నువ్వూ ఇక్కడే పనిచేశావా? ఏ షిఫ్టు?"

"రాత్రి."

తౌనో మొహంలో నవ్వు కాస్తా ఎగిరిపోయింది. ఆ రోజుల్లో మంచానికి చల్లారే తీరికే ఉండేది కాదు. పగలు గనిలోకి దిగేవాడు రాత్రి పడుకుంటే, రాత్రి దిగేవాడు పగలు అదే మంచమెక్కేవాడు. ఒకరి మొహం ఒకరు ఎరగరు.

"అయితే ఆ దరిద్రుడివి నువ్వేనన్నమాట! రెండేళ్ళు కాల్చుకు తిన్నావు గదయ్యా! దుప్పటి ఎత్తితే చాలు, ఏలకుల రొట్టె తునకలు! గుచ్చుకుని చస్తే నిద్ర పట్టేది కాదు."

"ఓరి నీ అసాధ్యం కూలా! తిన్నది నువ్వు, నింద నాకా? పొద్దున్నే వచ్చి పడుకుంటే నా వీపంతా తునకలే! పైగా చీమలు!"

"నేను మంచం మీద మంచినీళ్ళు కూడా ముట్టను. కావాలంటే దీన్నడుగు! అప్పుడు ఇక్కడే వంటపని చేసేది. రోజూ నా గోడు విని, 'అయ్యో పాపం' అంటూ దుప్పటి దులిపిపెట్టింది ఇదొక్కతే. అందుకేగా చేసుకున్నాను!"

"పోనిద్దురూ, ఎప్పటి సంగతో," అంది హిల్యా.

"పోనివ్వను! నీ ఇంటికి నా పిల్లనివ్వను. పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు!"

"మాకూ అక్కర్లేదు! పడకలో మెక్కి పక్కవాడి మీద తోసేవాళ్ళ సంబంధం మాకొద్దు."

కిటికీలోంచి చర్చి మెట్లు కనబడుతున్నాయి. ఇర్మా గుమ్మానికి పూలు కడుతోంది. పెళ్ళికొడుకు ఏదో అంటే పగలబడి నవ్వుతోంది.

హిల్యా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సిగ్గు లేదూ ఇద్దరికీ? కాటికి కాళ్ళు చాచుకుని, రొట్టె ముక్కల కోసం పిల్లల గొంతు కోస్తారా? ఎవరో ఒకరు ఒప్పేసుకుంటే తీరిపోయే గొడవ!"

ముసలాళ్ళిద్దరూ కిటికీలోంచి పిల్లలకేసి చూశారు. ఉర్హో తౌనో దగ్గరికి వచ్చాడు.

"సరే బావా, నేనే తిన్నాను. తప్పయిపోయింది. కుర్రాడి మొహం చూసి వదిలెయ్యి."

తౌనో మనసు కరిగిపోయింది. "ఊరుకో బావా. నిజం చెప్పాలంటే... నేనూ ఒకటి రెండుసార్లు తినే ఉంటాను. సాయంత్రం ఆవిరి స్నానానికి రా, నీ వీపు నేనే రుద్దుతాను."

ఇద్దరూ కావలించుకున్నారు.

"అదృష్టవంతుడివి బావా! ఎంత మంచి ఇల్లాలు!" అన్నాడు ఉర్హో కళ్ళు తుడుచుకుంటూ.

హిల్యా 'హమ్మయ్య' అనుకుంది.

షిఫ్టు మారే వేళ ఆ ఖాళీ మంచమెక్కి రోజూ రొట్టె తిన్నది ఆవిడే.