బండి ఆగే చోటు

హైమ సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్పోర్ట్స్ టూరింగ్ బండికి ముందరి అద్దం ఎత్తు పెంచింది, హ్యాండిల్ దగ్గరికి జరిపించింది, సీటు మార్పించింది. నడిపిన మనిషిని చూసి నేర్చుకునే బండి కదా, పాత ఓనరు అలవాట్లు మాత్రం పోలేదు.

"పాత జ్ఞాపకాలు తుడిచేస్తే సరిపోద్దండీ, అయిదు నిమిషాల పని," అన్నాడు మెకానిక్ ఖాజా.

"ఒకసారి తిరిగొచ్చాక చూద్దాం," అంది హైమ.

ఆ ఆదివారం మారేడుమిల్లి ఘాట్‌లో మలుపు మలుపుకీ హాయిగా వాలుతూ ఎక్కిన బండి, కొండ మీద ఒక టీ కొట్టు ముందు దానంతటదే ఆగిపోయింది.

చప్పుడు వింటూనే కొట్టులో ముసలావిడ గ్లాసులో టీ పోసింది. "ఏటి బాబూ, ఏడాదైపోయింది నువ్వొచ్చి! పంచదార తక్కువే వేశాలే."

హైమ హెల్మెట్ తీసింది. ముసలావిడ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఈ బండి షాపులో కొన్నానమ్మా. పాత ఓనరు పోయారని చెప్పారు."

ముసలావిడ ఆ టీ హైమకే ఇచ్చింది. "ప్రతి ఆదివారం వచ్చేవోడు. ఎవర్ని అడగాలో తెలీక ఊరుకున్నాను."

టీ చప్పగా ఉంది. హైమ మొత్తం తాగింది. మొన్న మూడు రోజులు జ్వరంతో పడుకుంటే తనని పలకరించింది ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పే ఫ్రిజ్ ఒక్కటే.

ఆ తర్వాత ఆమె ఒక్క ఆదివారం కూడా మానలేదు. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు ఖాజా మళ్లీ అడిగాడు, "ఇప్పుడు తుడిచేయమంటారాండీ?"

"వద్దు. నా తర్వాత కొన్నవాళ్లని కూడా అది అక్కడ ఆపాలి. లేకపోతే నేనింక రానని ఆవిడకి ఎవరు చెప్తారు?"