మూడు వందల మిల్లీలీటర్లు

“మూడు వందలు తక్కువ!”

వంటగదిలోంచి వచ్చిన ఆ కేకకి హాల్లో ఉన్న ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

కేక పెట్టింది ఇంటాయన. రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. సెలవొస్తే ఇంట్లో పళ్లతో కాక్‌టెయిళ్లు తయారుచేస్తాడు. ఆ కొలతల పిచ్చి చూసి తోటి ఉద్యోగులు సరదాకి ‘డాక్టర్’ అని పేరు పెట్టారు. అందులోని సరదా అర్థం కానివాడు ఆయనొక్కడే.

ఈసారి ఎండు అంజూర. అరకిలో పళ్లు, కాస్త నారింజ తొక్క, పైన సరిగ్గా లీటరు రమ్ము. గాజు జాడీలో వారం నానింది. సాయంత్రం ల్యాబు మిత్రులు వస్తారు. నిమ్మరసం, పుదీనా, ఐసు సిద్ధం చేసుకుని, గుడ్డలో వడకట్టి కొలతగొట్టంలో పోశాడు. ఏడు వందల గీత దగ్గర ఆగింది. మళ్లీ కొలిచాడు. ఏడు వందలే.

పళ్ల గిన్నెని పక్కకి నెట్టి, గొట్టం చేత్తో పట్టుకుని హాల్లోకొచ్చాడు. చూపు తిన్నగా బావమరిది మీద పడింది.

బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళ్ల దగ్గర సూట్‌కేసుతో సోఫా అంచున కూర్చున్నాడు. తాగుడు మానేసి ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ అక్క ఇంట్లోనే ఉన్నాడు. నాలుగింటికి భార్య వచ్చి తీసుకెళ్తుంది. చుక్క ముట్టినా గడప తొక్కనివ్వనని ఆవిడ షరతు. “ముట్టలేదమ్మా, నా పూచీ” అని నిన్ననే ఫోన్లో చెప్పింది డాక్టరే.

ఇప్పుడు నాలుగుకి పది నిమిషాలు.

“ఎప్పుడు తాగావు?”

“నేనా? ఆ జాడీ ఉందని వంటగదిలోకే వెళ్లడం లేదు బావా. మంచినీళ్లు కూడా అక్కనే తెమ్మంటున్నాను.”

“మరి రమ్ముకి కాళ్లొచ్చాయా? మీ ఆవిడ రానీ. నా పూచీ నేను వెనక్కి తీసుకుంటాను.”

మూలన కూర్చున్న అత్తగారు గబుక్కున లేచింది. “వాణ్ణేమీ అనకు బాబూ. నేనే తీశాను. మోకాళ్ల నొప్పికి రాసుకున్నాను.”

“ఎంత?”

“రెండు గ్లాసులు.”

“రెండు గ్లాసులా! మోకాళ్లకి రాశారా, స్నానం చేయించారా?”

“అమ్మా, నువ్వూరుకో” అంది డాక్టర్ భార్య. “ఏమండీ, నేనే సింకులో పారబోశాను. వాడు ఇంట్లో ఉండగా ఈ పాడు పని వద్దని మొత్తుకున్నాను. విన్నారా?”

“ఎంత పారబోశావు?”

“సగం.”

డాక్టర్ మొహం వెలిగింది. లెక్క తప్పు దొరికితే ఆయనకి ఆకలి కూడా గుర్తుండదు. “రెండు గ్లాసులు, నాలుగు వందలు. సగమంటే ఐదు వందలు. వెరసి తొమ్మిది వందలు. మిగలాల్సింది వంద. నా దగ్గర ఏడు వందలున్నాయి. రమ్ము పిల్లల్ని పెట్టిందా?”

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“వీణ్ణి కాపాడ్డానికి ఇద్దరూ పోటీ పడుతున్నారు. అంటే వీడు తాగుతుంటే ఇద్దరూ చూశారన్నమాట. చూసి దాచారు. ఆవిడ రాగానే ఆ సంగతీ చెబుతాను.”

అత్తగారు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. బావమరిది అమ్మని చూశాడు, అక్కని చూశాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు.

“వాళ్లనొదిలెయ్ బావా. నేనే తాగాను.”

గుమ్మంలో ఏదో కదిలింది. కేకు పెట్టె పట్టుకుని అతని భార్య నిలబడి ఉంది. బేకరీలో పని ముగించుకుని అట్నుంచటే వచ్చినట్టుంది, మోచేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది.

ఆమె పెట్టెని బల్ల మీద పెట్టింది. “ఎంత తాగావు?”

“మూడు వందలు.”

“చూశావా అమ్మా!” డాక్టర్ గొట్టం పైకెత్తాడు. “లెక్క చుక్క తేడా లేకుండా సరిపోయింది. నన్ను క్షమించు. నా పూచీ వెనక్కి తీసుకుంటున్నాను.”

బావమరిది సూట్‌కేసు తీసుకుని లోపలి గది వైపు నడిచాడు. డాక్టర్ భార్య అడ్డం వెళ్లబోయి ఆగిపోయింది.

“ఆగు” అంది అతని భార్య. తర్వాత డాక్టర్ వైపు తిరిగింది. “ఏం పళ్లు వేశారు అన్నయ్యగారూ?”

“ఎండు అంజూర. ఇప్పుడవెందుకమ్మా?”

“ఎంత వేశారు?”

“అరకిలో. నేనే తూచాను. గ్రాము తేడా ఉండదు.”

“ఎక్కడున్నాయి?”

“వంటగదిలో, గిన్నెలో. ఉత్త పిప్పి. పారెయ్యాలి.”

ఆమె వంటగదిలోకి వెళ్లింది. వెనకాలే నలుగురూ వెళ్లారు. డాక్టర్ వాడే తూకం యంత్రం మీద ఖాళీ పళ్లెం పెట్టి, అంకె సున్నాకి తెచ్చి, గిన్నెలోని పళ్లన్నీ అందులో వేసింది.

“చదవండి.”

డాక్టర్ కళ్లజోడు సర్దుకున్నాడు. “ఎనిమిది వందలు” అన్నాడు. “వేసింది ఐదు వందలేగా...”

ఆమె మొగుడి చేతిలోంచి సూట్‌కేసు అందుకుంది.

“తాగింది అంజూర పళ్లు, అన్నయ్యగారూ.”